గృహనిర్వహణము: డొల్ల గోడలు, వాని పనివారు



గోడయన్న నిటుకయో, రాయియో, మట్టియో యని మనము చిన్ననాటినుండి యెఱిగినదే. మేకు కొట్టిన నది పట్టుకొనును. ఆనుకొనిన బరువు మోయును. ఈ నమ్మికతోనే మన యాడుబిడ్డలు సముద్రములు దాటి యమెరికాలో కాపురములు పెట్టుచున్నారు. అచటి యిండ్లలోని గోడ తఱచుగా మన గోడవంటిది కాదు. కఱ్ఱ నిలువుల కిరుప్రక్కల జిప్సపు పలకలు బిగించి, నడుమ డొల్లగా విడిచిన గోడ యది. దానిని వారు డ్రైవాల్ అందురు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని క్రొత్త యిండ్లలో పైకప్పు క్రింద అమర్చు ఫాల్స్ సీలింగునకును తఱచుగా నా పలకనే వాడుచున్నారు. కావున నీ మాసమున దానినిగుఱించి వ్రాయుచున్నాము.

జిప్సమనునది మన వైద్యులు గోదంతి యను ఖనిజమే. దానిని నూటయేబది డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతపు వేడిలో కాల్చిన, నందిమిడియున్న నీటిలో ముప్పాతిక పాలు పోయి పొడియగును. ఆ పొడిలో మరల నీరు కలిపిన గట్టిపడును. ఆ ముద్దను రెండు దళసరి కాగితముల నడుమ పఱచి పలకగా జేయుదురు. అగస్టీన్ సాకెట్ అను నమెరికావాసి 1894వ సంవత్సరమున నిట్టి పలకకు పేటెంటు పొందెను. అంతకుమునుపు వారును సన్నని కఱ్ఱబద్దలమీద తడి గచ్చు మెత్తి, యది యాఱుటకై దినముల తరబడి కాచుకొనెడివారు. ఆ తడిపని తప్పినది గనుకనే దీనికి పొడిగోడ యని పేరు వచ్చినది. పలక తూకములో నైదవవంతు నీరే యగుటచే నగ్ని సోకినపుడు ఆ నీరావిరియై మంట ప్రాకుటను కొంతసేపాపును. ఇంత గుణము కలదియు బయటి నీటికి మాత్రము తాళదు. కాగితము నాని, బూజుపట్టి, పలక మెత్తబడిపోవును.

మా యాడబిడ్డ కాలిఫోర్నియాలో నున్నది. ఆమె యత్తగారు డెబ్బది దాటినవారు, మోకాళ్ల నొప్పులతో బాధపడువారు. స్నానపుగదిలో పట్టుకొని లేచుటకొక కమ్మి కావలెనని వారు కోరగా నొక పనివానిని పిలిపించిరి. అతడు వచ్చి, గోడ లోపలి కఱ్ఱ యెచటనున్నదో చూడక, వట్టి పలకకే స్క్రూలు బిగించి, సొమ్ము పుచ్చుకొని పోయెను. ఎనిమిదవనాడు కమ్మి యామె చేతిలోనికే యూడివచ్చెను. కోడలు వాకిటనే యుండి పట్టుకొనుటచే తలకు దెబ్బ తగులలేదు. మణికట్టు మాత్రము బెణికెను. తరువాత వచ్చిన రెండవ పనివాడు పలకను కోసి, నిలువుల నడుమ దళసరి కఱ్ఱదిమ్మ నడ్డముగా బిగించి, దానికి కమ్మిని తగిలించి, పైన పలక మూసెను. అచటి సార్వజనిక భవనములలో నిట్టి కమ్మి 250 పౌనుల బలమునకు నిలువవలెనని నియమము. ఇంటిలోని ముసలివారి బరువేమి తగ్గునా? కావున గోడకు కమ్మిగాని, పుస్తకపు బల్లగాని, టెలివిజనుగాని బిగించువానిని ముందుగా నడుగవలసిన దొక్కటే: “ఈ స్క్రూ వెనుక నేమున్నది?” నిలువు కఱ్ఱలు సాధారణముగా 16 అంగుళముల కొకటి యుండును. వానిని కనిపెట్టు చిన్న సాధనము బజారులో దొరకును.

మనయింటి ఫాల్స్ సీలింగు విషయమునను నిదియే మాట. పంకాగాని, పసిబిడ్డ చీర యుయ్యాలగాని పైనున్న కాంక్రీటు కప్పులోని కొక్కెమునకు వ్రేలాడవలెనేగాని పలకకు గాని, దానిని మోయు రేకుచట్రమునకు గాని కాదు. ఉయ్యాల విషయమున “పరవాలేదమ్మా” యను మేస్త్రీ మాట వినకుడు.

ఇక పనివారి యేర్పాటు. కాలిఫోర్నియాలో నీ పనికి సి-9 యను ప్రత్యేకపు లైసెన్సు కలదు. దాని సంఖ్య నడిగి, యది చెల్లుచున్నదో లేదో రాష్ట్రపు బోర్డువారియొద్ద సరిచూచుకొనవచ్చును. అచట గృహమరమ్మతుల యొడంబడికలలో మొత్తములో పదియవవంతు లేక 1000 డాలర్లు, రెంటిలో నేది తక్కువో యంతకుమించి ముందుసొమ్ము సాధారణముగా నడుగరాదు. సగము ముందిమ్మనువానికి నమస్కారము చేసి పంపుట మేలు. మనదేశమున లెక్క చదరపుటడుగులకు గనుక, నే కొలత ప్రకారము కట్టుదురో, మెట్టుమెట్టుగా దిగిన యంచులు వేఱుగా లెక్కింతురో, రంగు వేయుట యందు చేరునో చేరదో ముందే కాగితముపై వ్రాయించుకొనుడు. ఇంటాయన నాఫీసునుండి ఫోనులో “సరే” యన్నంతమాత్రమున పని మొదలుపెట్టనీయకుడు. ఆ గోడనడుమ దినమంతయు నుండువారు మీరు.

పనిలో చూడవలసినది ముఖ్యముగా నతుకు. స్క్రూతల కాగితమును చింపక, రవంత లోపలికి దిగియుండవలెను. రెండు పలకలు కలియుచోట పట్టీ యంటించి, ముద్దను మూడు పూతలుగా వేయుదురు. ఒక్కొక్క పూత పూర్తిగా నాఱినగాని రెండవది వేయరాదు; ఆఱుచు నది కుంచించుకొనును. సాధారణపు ముద్దకు పూతపూతకు నొక దినము పట్టుట సహజము. మూడు పూతలు నొక్క పూటలో ముగింతుననువాని గోడమీద నేడాది తిరుగకమునుపే చాలుగీత కనబడును. రంగు వేయకముందు, రాత్రివేళ దీపమును గోడకు ప్రక్కగా బట్టి చూడుడు. పగటివెలుగులో నునుపుగానున్న గోడలో నపుడు గుంటలు, గీతలు తేటపడును. దిద్దించుకొనవలసిన సమయ మదియే.

చిన్న మేకుబెజ్జమును మనమే పూడ్చుకొనవచ్చును. పిడికిలియంత రంధ్రమైన పలకముక్క వేయవలసినదే. పసుపుపచ్చని నీటిమరక కనబడినచో, రంగువానిని కాదు, గొట్టములు బాగుచేయువానిని ముందు పిలువుడు. నీరు కారుట నిలువక వేసిన రంగు వెనుక బూజు పెరుగుచునే యుండును. ఉబ్బసపు బిడ్డలున్న యింట నది మఱింత హాని. మెత్తబడిన పలకను కోసి తీసివేయించుడు. అమెరికాలో 1977వ సంవత్సరమున నిషేధించువఱకు నతుకుముద్దలలో ఆస్‌బెస్టాస్ కలుపుట కలదు. పాత యిల్లు కొన్నవారు పరీక్ష చేయింపక గోడను గీకనీయరాదు. క్రొత్త ముద్దను రుద్దునపుడును ధూళి మిక్కుటము. వంటపాత్రలు మూసి, పిల్లలను వేఱుగదికి పంపి, పనివానిని ముసుగు కట్టుకొమ్మనుడు. తడి స్పాంజితో రుద్దిన ధూళి చాలవఱకు తగ్గును.

క్రొత్త యిల్లు కట్టించుకొనువారు పలకలు మూయకమునుపే ప్రతిగోడకును కొలబద్ద నానించి ఫొటో తీసియుంచుకొనుడు. నిలువులేవో, నీటిగొట్టములేవో, కరెంటు తీగలేవో యందు కనబడును. స్నానపుగది గోడలలో నిపుడే యొక కఱ్ఱదిమ్మ వేయించిన, కమ్మి కావలసివచ్చిననాడు గోడ కోయనక్కఱలేదు.