హోప్ దీవికి ఒకనాటి యాత్ర: కార్యవర్గమునకు ఒక మనవి

విహారయాత్ర అనే మాట వినబడగానే మన కళాశాలలో రెండు రకముల ముఖములు కనబడతాయి. విద్యార్థుల ముఖములు విప్పారుతాయి, పెద్దల ముఖములు ముడుచుకుంటాయి. కొన్నేండ్లుగా పెద్దలదే పైచేయిగా ఉన్నది. వారి భయములు నిష్కారణములని మేము అనము. అయినను ఈ సంచికలో వారితోనే కొంత వాదించదలచినాము. ఉత్త వాదన గాలిలో దీపము వంటిది గనుక, వాదనకు ఒక స్థలమును కూడ ఎంచుకొన్నాము. ఆ స్థలము కాకినాడకు ఎదురుగా సముద్రములోనున్న హోప్ దీవి.

మన ఊరికి కాకినాడ రెండు గంటల దూరము. రేవులో నిలబడి తూర్పునకు చూచినచో నీటికి ఆవల నల్లని గీత వలె కనబడునదే ఆ దీవి. గౌతమీ గోదావరి కొండల నుండి, మైదానముల నుండి మోసుకొనివచ్చిన ఒండ్రును, ఇసుకను అలలు, తీరము వెంట ఉత్తరమునకు సాగే ప్రవాహము కలిసి పేర్చుకుంటూ పోగా ఏర్పడిన ఇసుక మేట అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు చాల స్వల్పము. వయస్సు దాదాపు రెండు వందల ఏండ్లు మాత్రమే. భూమి వయస్సుతో పోల్చినచో అది నిన్న పుట్టిన పసికందు. తూర్పు వైపున బంగాళాఖాతము హోరుమంటూ ఉంటుంది. పడమటి వైపున నీరు పళ్లెములో పోసినట్లు నిలుకడగా ఉంటుంది. ఆ నీటిని కాకినాడ అఖాతము అంటారు గాని, తీరును బట్టి అది లాగూను వంటిదే. మూడు వైపులా నేల ఉన్నది, ఉత్తరమున మాత్రమే వాకిలి. ఆ వాకిలిలో నుండే ఓడలు వచ్చిపోతాయి. దీవి అడ్డుగా నిలిచి అలలను కాచుట వలననే కాకినాడ రేవు నెమ్మదైన రేవు అయినది.

తెలుగువానికి ఏటి నడుమ నేల లంక, సముద్రము నడుమ నేల దీవి. నీటిని బట్టి నేలకు పేరు పెట్టిన జాతి మనది. ఉర్దూ విభాగము విద్యార్థులకు ఇంకొక చిత్రము చెప్పెదము. పోటును, ఆటును కలిపి మీరు మద్దొ జజ్ర్ అంటారు. మౌలానా హాలీ 1879లో ప్రచురించిన ముసద్దసు పేరులోనే ఆ మాట ఉన్నది. జజ్ర్ అనగా ఆటు, నీరు వెనుకకు తీయుట. జజీరా అనే మాట కూడ ఆ ధాతువు నుండే పుట్టినది. నీరు తీయగా మిగిలిన నేల జజీరా. ఈ అర్థమును నిఘంటువులో చదువుట ఒక ఎత్తు. అఖాతములో నీరు తీసినప్పుడు పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోగా, ఆ నేల పైకి తేలుటను కన్నులారా చూచుట ఇంకొక ఎత్తు.

ఈ దీవికే ఎందుకు, మరి ఏ ఉద్యానవనమునకో పోరాదా అని అడుగవచ్చును. మా సమాధానము ఇది. ఇంత దగ్గరలో ఇన్ని పాఠములు ఒకేచోట దొరకు స్థలము మనకు మరియొకటి లేదు. దీవికి ఇవతల ఒడ్డున కోరింగ మడ అడవులున్నాయి. దీవితో కూడ ఆ ప్రాంతమును 1978లో అభయారణ్యముగా ప్రకటించినారు. మన వృక్షశాస్త్ర విద్యార్థినులు బురదలో నుండి మేకుల వలె పైకి పొడుచుకొనివచ్చే మడచెట్ల శ్వాసవేళ్లను ప్రతి యేడు పరీక్షలో గీస్తున్నారు. బొమ్మలు చక్కగానే ఉంటున్నాయి. కాని గీసినవారిలో ఆ వేరును చేతితో తాకినవారు ఒక్కరైనను లేరు. రెండు గంటల దూరములో ఉన్నదానిని పుస్తకములో నుండి పుస్తకములోనికి ఎత్తి వ్రాయుటను మేము చదువు అనలేము.

చరిత్ర చదువువారికి కోరంగి ఉన్నది. ఇప్పుడు చిన్న పల్లె గాని, ఒకనాడు ఓడలు కట్టిన ఊరు, ఓడలెక్కి జనము రంగూనుకు పోయిన రేవు. బర్మాలో తెలుగువారందరినీ, వారు ఏ జిల్లావారైనను సరే, కోరంగీలు అనుట ఈ ఊరి పేరు వలననే. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఇంకొకసారి తుఫాను ఉప్పెనలు ఆ ఊరిని ముంచివేసినవి. మొదటి ఉప్పెనను గూర్చి వ్రాసిన కలకత్తా ఆంగ్లేయుడు హెన్రీ పిడింగ్టన్‌యే సైక్లోను అనే మాటను సృష్టించినాడు. పాము చుట్ట అను అర్థముగల గ్రీకు మాట నుండి దానిని తీసినాడు. లోకమంతట వాడుచున్న ఈ మాట వెనుక మన తీరపు పల్లె ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

ఇక భయముల మాట. వాటిని దాటవేయుట మాకు ఇష్టము లేదు. 2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సులో విహారమునకు పోయిన పడవ మునిగి 22 మంది చనిపోయినారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాదుకు చెందిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకొనిపోయినారు. పైనున్న జలాశయము నుండి నీరు వదలినారు, ఒడ్డున ఉన్న పిల్లలకు ఆ సంగతి తెలియలేదు. 2017 నవంబరు 12న కృష్ణలో ఇబ్రహీంపట్నము వద్ద, 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవలు మునిగినవి. ఒక్కొక్క పేరు వెనుక ఎన్ని ఇండ్లు చీకటి అయినవో మనకు తెలియును. బియాస్ వార్త వచ్చిన నాటి నుండియే అనేక కళాశాలలలో యాత్ర అనే మాట వినబడకుండ పోయినది.

అయితే ఆ దుర్ఘటనలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడవలెను. నీరు అన్నిచోట్ల ఒకే నీరు. మనుష్యులు చేయవలసినది చేయకపోవుటయే తేడా. ఒకచోట హెచ్చరిక అందలేదు. ఒకచోట మోయదగినదానికి మించి ఎక్కించినారు. ఒకచోట వరదలో లంగరు ఎత్తినారు. ఇవి అన్నియు ముందుగా అడిగి తెలిసికొనదగినవే, వలదని చెప్పదగినవే. అడుగువాడు లేకపోవుటయే అసలు ప్రమాదము.

పెద్దలు గమనింపవలసినది ఇంకొకటి ఉన్నది. కళాశాల యాత్ర మానివేసినంత మాత్రమున విద్యార్థులు సముద్రమునకు పోవుట మానలేదు. మగపిల్లలు నలుగురైదుగురు కలిసి, ఇంటిలో ఒకమాట చెప్పి, ఎవరో చేపల పడవవానికి డబ్బిచ్చి పోతూనే ఉన్నారు. వారి ఒంటిపై తేలుడు చొక్కా ఉండదు. వారు ఎందరు పోయినారో ఒడ్డున ఎవరివద్దను లెక్క ఉండదు. మనము అనుమతి నిరాకరించిన కాగితము మనకు రక్షణ గాని, వారికి కాదు. మానినవారు ఆడపిల్లలు మాత్రమే. అనగా మన నిషేధము వలన సాహసులకు భద్రత రాలేదు, వినయవతులకు యాత్ర పోయినది. ఈ లెక్క మాకు న్యాయముగా తోచుట లేదు.

కావున యాత్ర ఎట్లు జరుగవలెనో మా ఆలోచనను వ్రాస్తున్నాము. ముందుగా కాలము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల రోజులు, ఆ మాట ఎత్తరాదు. మార్చి దాటినచో ఇసుకలో కాలు పెట్టలేము. వర్షాకాలము గాలి కాలము. మిగిలినది సంక్రాంతి సెలవుల తరువాతి జనవరి. ఈ యేండ్లలో రంజాను మాసము ఫిబ్రవరి ప్రాంతమున వచ్చుచున్నది. ఉపవాసములతో ఎండలో తిరుగుట మంచిది కాదు గనుక ఆ విధముగా చూచినను జనవరియే తగును. శుక్రవారము వద్దు. ఆదివారము మేలు.

తరువాత తిథి. ఇది పంచాంగపు ఛాందసము కాదు. అఖాతములో నీరు లోతు తక్కువ. పోటు సమయము దినదినమునకు సుమారు యాభై నిమిషములు వెనుకకు జరుగుతుంది. పోవునప్పుడు నీరెక్కుతూ, మధ్యాహ్నమునకు నిండి, తిరిగి వచ్చునప్పటికి ఇంకను చాలినంత మిగిలి ఉండవలెను. అట్టి ఆదివారమును ఎంచుకొనుటకు రేవు కార్యాలయపు పోటు పట్టికను చూడవలెను. దానితో పాటు జాలరి పేటలోని వృద్ధుని ఒకనిని కూడ అడుగవలెను. ఇద్దరి మాట కలిసిన రోజే మన రోజు. పట్టిక తెలిసిన వారు మన భౌతికశాస్త్ర శాఖలో ఉన్నారు. జాలరిని అడుగుటకు మాత్రము కొంచెము వినయము కావలెను.

మూడవది అనుమతి. దీవి అభయారణ్యములో భాగము గనుక అటవీశాఖవారికి రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టి వ్రాతపూర్వకముగా అనుమతి తెచ్చుకొనవలెను. జనవరి నుండి నెలల తరబడి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి వందకు పైగా గ్రుడ్లు పెట్టిపోతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో వాటికి స్థానమున్నది. కావలివారు చూపిన దారిన తప్ప నడువరాదు. నిప్పు రాజేయరాదు. తిన్న ఆకులు, త్రాగిన సీసాలు మనతోనే తిరిగి రావలెను. వంట కూడ ఇక్కడనే వండుకొని తీసికొనిపోవలెను. ఖిచిడీ, ఖట్టా అయినచో చల్లారినను రుచి చెడదు. మాంసము తిననివారికి పులిహోర. త్రాగునీరు మాత్రము తలకు మూడు లీటర్లకు తక్కువ కారాదు. ఎటు చూచినను నీరే ఉన్నచోటికి నీటిని మోసుకొనిపోవుట వింతగా తోచవచ్చును. ఆ వింత మధ్యాహ్నము పన్నెండు గంటలకు తీరిపోతుంది.

పడవ విషయములో మేము మొండిగా ఉండదలచినాము. అనుమతి పత్రమున్న పడవలే కావలెను. పత్రమును ముందునాడే చూడవలెను. నలుబదిమంది విద్యార్థులు, నలుగురు అధ్యాపకులు, అందులో ఇద్దరు అధ్యాపికలు, పడవలు రెండు. ప్రతి ఒక్కరి ఒంటిపై తేలుడు చొక్కా ఉండవలెను. పడవలో ఏ మూలనో దొంతరగా పేర్చినవి లెక్కకు రావు. ఎక్కుటకు ముందు తొడుగుకొని దిగిన తరువాతనే విప్పవలెను. బురఖాపై అది పట్టునా అని ఒకరు మమ్ములను అడిగినారు. పట్టును. పెద్ద కొలతవి అడిగి తెప్పించిన చాలును. పేర్ల జాబితా మూడు ప్రతులు వ్రాయవలెను. పడవకొకటి, ఒడ్డున నిలిచే మన గుమాస్తా వద్ద ఒకటి. తూర్పు వైపు సముద్రములో మోకాలి లోతు దాటి ఎవరును దిగరాదు. ఈత వచ్చినవారికే ఈ నియమము మరింత గట్టిగా చెప్పవలెను. ఆనాటి ఉదయము వాతావరణశాఖ హెచ్చరిక ఏదైనను ఉన్నచో, వండిన అన్నము కళాశాల ఆవరణలోనే తినవలెను. అందుకు ఎవరును అలుగరాదు.

ఆడపిల్లల సంగతి వేరుగా వ్రాయవలసి వచ్చుచున్నందుకు మాకు కష్టముగానే ఉన్నది. మన కళాశాలలో వారి సంఖ్య సగమునకు పైబడినది. ప్రథమ శ్రేణి మార్కులు వారివే. యాత్ర అనునప్పటికి మాత్రము వారి తండ్రులు ఒప్పుకొనరని మనమే ముందుగా తీర్మానించుకొంటున్నాము. ఆ తండ్రులను ఎవరైనను అడిగినారా? మాకు తెలిసినంతవరకు అడుగలేదు. ఎందరు అధ్యాపికలు వెంట వస్తున్నారు, ఎన్ని గంటలకు ఇంటికి చేర్చెదరు, జొహర్ నమాజునకు, ఆడవారి అవసరములకు మరుగు ఎక్కడ? ఏ తండ్రియైనను అడుగునవి ఈ మూడే. మగ్రిబ్ వేళకు కాకినాడ విడిచి, రాత్రి తొమ్మిదింటిలోపల ఇంటి గుమ్మమున దింపెదమని, వెంట తీసికొనిపోయే గుడారములు రెండింటిలో ఒకటి వారికేనని చెప్పినచో, కాదనువారు కొందరు ఉందురు గాని అందరును కాదనరు. తీసికొనిపోయే చాపలు నమాజునకు, భోజనమునకు రెండింటికి పనికివచ్చును. ఖిబ్లా వెదుకుకొననక్కరలేదు. అఖాతము వైపు తిరిగినచో పడమరయే.

ఖర్చు మాట చివర వ్రాస్తున్నాము, ఎందుకనగా అది అన్నిటికంటె చిన్నది. బస్సు, పడవలు, చొక్కాల అద్దె, భోజనము కలిసి ఎంతయగునో లెక్క వేసి కార్యవర్గము ముందు ఉంచెదము. ఇచ్చుకొనలేని పిల్లల వంతును అధ్యాపకులు పంచుకొనుటకు ఇప్పటికే ఆరుగురు పేర్లిచ్చినారు.

జూన్ నెలలో కార్యవర్గ సమావేశమున్నది. దాని ముందు మేము రెండే కోరికలు పెడుతున్నాము. అటవీశాఖకు దరఖాస్తు పంపుటకు ప్రిన్సిపాలు గారికి అధికారమిచ్చుట ఒకటి. నలుబదిమందిలో సగము స్థానములు విద్యార్థినులకు కేటాయించి, వారి తండ్రులకు కళాశాల తరఫున ఉత్తరము వ్రాయుట రెండవది. ఆ ఉత్తరము తెలుగులోను, ఉర్దూలోను ఉండవలెను. తెలుగు ప్రతిని మేము సిద్ధము చేసి ఉంచినాము. ఉర్దూ శాఖవారు తమ ప్రతిని వేసవి సెలవులలో వ్రాసి ఇచ్చెదమన్నారు.