చదువుకు వెళ్లి ఊళ్లు చుట్టి వస్తే ఎలా?

కోపెన్‌హేగెన్ రేవు ఒడ్డున బండరాయి మీద కూర్చున్న చిట్టి జలకన్య విగ్రహం దగ్గర ఫొటో దిగకుండా వచ్చే విద్యార్థి ఉండడు. ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ పేరిట మన బిజినెస్ స్కూళ్ల నుంచి వెళ్లేవాళ్లూ దిగుతారు. ఆ విగ్రహాన్ని 1913లో నగరానికి ఇచ్చింది కార్ల్ జాకబ్‌సెన్ అనే బీరు వ్యాపారి. ఆయనకూ తండ్రికీ మధ్య నడిచిన తగాదా గురించి తెలుసుకుని వచ్చేవాళ్లు మాత్రం అరుదు. ఎంబీఏ చదివేవాళ్లకు ఫొటో కన్నా ఆ తగాదాయే ఎక్కువ పనికొస్తుంది.

తండ్రి జె.సి. జాకబ్‌సెన్ 1847లో బీరు కంపెనీ పెట్టి, దానికి కొడుకు పేరు కలిసొచ్చేలా కార్ల్స్‌బర్గ్ అని పేరు పెట్టాడు. కొడుకు పెద్దవాడయ్యాక ఇద్దరికీ పొసగలేదు. తండ్రి 1876లో ఒక ఫౌండేషన్ నెలకొల్పి, చివరికి కంపెనీని దానికే రాసిచ్చేశాడు. కొడుకు పక్కనే వేరు కుంపటి పెట్టాడు. ఆఖరికి అదీ ఫౌండేషన్ గూటికే చేరింది. ఇవాళ కార్ల్స్‌బర్గ్ షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నాయి, కానీ ఓట్లలో ఎక్కువ భాగం ఫౌండేషన్‌వే. దాన్ని నడిపేది డెన్మార్క్ సైన్స్ అకాడమీకి చెందిన ప్రొఫెసర్లు. బీరు లాభం ప్రయోగశాలలకూ మ్యూజియాలకూ వెళ్తుంది.

ఇదేదో ఒక్క కంపెనీ ముచ్చట కాదు. డెన్మార్క్‌కే చెందిన నోబెల్ గ్రహీత ఆగస్ట్ క్రో 1922లో అమెరికా వెళ్లినప్పుడు, కెనడాలో కొత్తగా కనిపెట్టిన ఇన్సులిన్ తయారీకి అనుమతి సంపాదించుకొచ్చాడు. ఆయన భార్య మరీకి మధుమేహం. అలా మొదలైన నార్డిస్క్ సంస్థ నుంచి 1920లలోనే ఇద్దరు అన్నదమ్ములు బయటికొచ్చి నోవో పెట్టారు. దశాబ్దాల పోటీ తర్వాత 1989లో రెండూ ఏకమయ్యాయి. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపులో ఉండే ఇన్సులిన్ పెన్నుల మీద కనిపించే నోవో నార్డిస్క్ అదే. దాని పగ్గాలూ ఫౌండేషన్ చేతిలోనే ఉన్నాయి. ఓడల కంపెనీ మెర్స్క్‌దీ అదే దారి.

అన్నదమ్ములు వేరుపడగానే రైస్ మిల్లు నుంచి కాలేజీల దాకా ముక్కలు కావడం చూసిన తెలుగు కుర్రాడికి ఇంతకు మించిన కేస్ స్టడీ ఎక్కడ దొరుకుతుంది? టాటా ట్రస్టుల రూపంలో ఈ పద్ధతి మన దేశానికీ తెలుసు. కానీ డెన్మార్క్‌లో అది ఒక్క కుటుంబం పెద్దమనసుగా మిగిలిపోలేదు, దేశం అలవాటుగా మారింది. ఎందుకలా జరిగింది, దానివల్ల లాభమెంత, నష్టమెంత అని అడగడానికి కోపెన్‌హేగెన్ బిజినెస్ స్కూల్లో ఆ విషయం మీదే పరిశోధన చేసిన అధ్యాపకులున్నారు. 1917లో పుట్టిన ఆ స్కూలు ఉన్న ఫ్రెడెరిక్స్‌బెర్గ్, నాలుగు వైపులా రాజధాని చుట్టుముట్టిన ఓ చిన్న మున్సిపాలిటీ.

తరగతి పద్ధతీ వేరే. ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవాలి. చాలా కోర్సులకు చివర వైవా ఉంటుంది. కొన్నిటికి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కూడా కూర్చుంటాడు. విద్యార్థిని కాసేపు బయట నిలబెట్టి, మళ్లీ లోపలికి పిలిచి మార్కు చెప్పేస్తారు. ఆ మార్కుల స్కేలూ చిత్రమే: పైన 12, అట్టడుగున మైనస్ 3. పాస్ కావాలంటే 02 చాలు. బట్టీ పట్టి నెట్టుకొచ్చినవాడికి ఆ గదిలో చెమటలు పడతాయి.

అయినా ఎక్కువమంది సెమిస్టర్ ఎలా గడుస్తోంది? శుక్రవారం సాయంత్రం చౌక విమానం, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. ప్రాగ్, బుడాపెస్ట్, బార్సిలోనా. చూసొచ్చిన దేశాల లెక్కే ఇన్‌స్టాగ్రామ్‌లో గ్రేడు. ఉన్న ఊళ్లో మాత్రం అద్దె గది, సూపర్ మార్కెట్, తోటి భారతీయుల వాట్సాప్ గ్రూపు. డిసెంబర్లో మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి పడే ఊళ్లో కాలు నిలవకపోవడం అర్థం చేసుకోదగ్గదే. కుర్రాళ్లను తప్పుపట్టి లాభం లేదు. అక్కడి మార్కులు ఇక్కడి సగటులో కలపకుండా, పాసైతే చాలంటున్న కాలేజీలదే అసలు తప్పు.

యూరప్‌లో ఈ మార్పిడి చదువులకు ఊపిరి పోసింది సరిగ్గా ఈ లెక్కల గొడవే. ఇటలీకి చెందిన సోఫియా కొర్రాది 1950లలో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చదివి రోమ్‌కు తిరిగొస్తే, ఆ చదువు చెల్లదు పొమ్మన్నారు. ఆ అవమానం దిగమింగి ఊరుకోకుండా ఆమె ఏళ్లపాటు పోరాడింది. 1987లో విద్యార్థుల మార్పిడి కోసం ఎరాస్మస్ పథకం మొదలవడం వెనక ఆమె కృషి ఉంది. ఇప్పుడక్కడ సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఏ దేశంలో సంపాదించినా సొంత యూనివర్సిటీ ఖాతాలో పడతాయి.

మన దగ్గర తలుపులు మూసేమీ లేవు. విదేశీ విద్యాసంస్థతో కలిసి నడిపే ట్విన్నింగ్ కోర్సుల్లో 30 శాతం దాకా క్రెడిట్లు ఆ సంస్థలో సంపాదించుకోవచ్చని యూజీసీ 2022 నిబంధనల్లోనే చెప్పింది. ఒప్పందం ఉన్న స్కూళ్ల మధ్య ఫీజు సొంత కాలేజీకే కడతారు. అయినా విమాన టికెట్టు, గది అద్దె, తిండి ఖర్చు లక్షల్లోనే ఉంటాయి. ఆ డబ్బుకు ఫలితం దక్కాలంటే కాలేజీలు రెండు పనులు చేయాలి: అక్కడి మార్కులను ఇక్కడి గ్రేడులో కలపాలి, వెళ్లిన ఊళ్లోని ఒక కంపెనీ మీద నివేదిక రాసి, తిరిగొచ్చాక జూనియర్ల ముందు వైవా ఇచ్చేలా నిబంధన పెట్టాలి. వచ్చే బ్యాచ్ వీసాకు దరఖాస్తు చేసేలోపే ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి.