వెనుక ఎర్రదీపం వెలుగుతోందా?

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా, పాత కార్లను, జీపులను ప్రాణంగా చూసుకునేవారు మన జిల్లాల్లో ఉన్నారు. వారంటే మాకు గౌరవమే. కాని రంగు వేయించడానికి పెట్టే ఖర్చులో పిసరంత కూడా బ్రేకు లైటుకు పెట్టరు, అదే మా బాధ. మునిమాపువేళ 16వ నంబరు జాతీయ రహదారిపై వెనుకనుంచి లారీ గుద్దితే తల ఒక్కసారిగా వెనక్కు విరుచుకుపోతుంది. పాత సీట్లకు తల ఆనే దిండు ఉండదు, మెడకే ముప్పు.

బల్బు మార్చినా వెలగలేదా? హోల్డరు, ఎర్తు తీగ చూడండి. మన సముద్రపు ఉప్పుగాలికి అవి తుప్పుపడతాయి. గరుకు కాగితంతో రుద్దితే చాలాసార్లు చాలు. తర్వాత ఫ్యూజు, ఆపైన బ్రేకు స్విచ్చి. చాలా పాత బండ్లలో ఈ స్విచ్చి బ్రేకు ఆయిలు ఒత్తిడితో పనిచేస్తుంది. మార్చాక గొట్టాల్లో గాలి తీయించాలి. చూసి చెప్పే మనిషి లేకపోతే రాత్రి లైట్లు వేయకుండా బండి వెనుక భాగాన్ని గోడ దగ్గర పెట్టి బ్రేకు తొక్కండి. గోడ ఎర్రబడాలి.