గుడికి రంగు, మసీదుకు మినారు, చర్చికి గంట... మరి చెరువుకెవరు?

కొంచెం పెద్ద పోస్టు. పొలం పని అయినాక తీరిగ్గా చదవండి. కొందరికి కోపం రావచ్చు, పర్వాలేదు. పూర్తిగా చదివినాక కోప్పడండి.

మీ ఊరి లెక్క ఒకసారి మీరే వేసుకోండి. ఈ ఐదేళ్లలో గుడి రంగులకు, గాలిగోపురానికి ఎంత చందా ఎత్తినారు? మసీదు స్లాబుకు, మినారుకు ఎంత? చర్చి టైల్స్‌కు, సౌండ్ బాక్సులకు ఎంత? ఇచ్చిందంతా మనమే. శెనక్కాయలు అమ్మిన డబ్బు, పాల బిల్లు, కువైట్ నుంచి పిల్లోడు పంపించిన డబ్బు. దేవుడికి ఇచ్చుకున్నాం, తప్పు కాదు. అదే ఐదేళ్లలో చెరువులోకి నీళ్లు తెచ్చే వంకలో కంప కొట్టించడానికి ఊరంతా కలిసి ఎంత ఎత్తినారు?

మా ఊళ్లో సున్నా. మీ ఊళ్లో అంతకంటే ఎక్కువుంటే మీకు దండం పెడతా.

"మా ఊళ్లో మతాల గొడవల్లేవు, అన్నదమ్ముల్లా ఉంటాం" అని అందరం చెప్పుకుంటాం. అబద్ధం కాదు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ముందు మొక్కే వాళ్లలో హిందువులే ఎక్కువ. ఉగాది రోజు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి దర్శనానికి ముస్లింలు క్యూలో నిలబడతారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, ఏ మతం వాళ్లయినా రొట్టెలు మార్చుకుంటారు. ఇదంతా మన గొప్పే. కానీ పండగకు కలవడం సులువు. ఒక పూట తిని, దండం పెట్టి ఇంటికి పోతాం. చెరువు పని అట్ల కాదు. డబ్బు పెట్టాలి, ఒళ్లు వంచాలి, లెక్క చెప్పాలి. ఆ పనికి కలిస్తేనే మనం నిజంగా కలిసి ఉన్నట్టు. లేకుంటే ఫోటోకు కలిసినట్టే.

మన పెద్దోళ్లు దీన్ని ఎట్ల చూసినారో చూడండి. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది మనుషులు, రాయి తోలే వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో చెక్కినారు. చెరువుకు ఏమేం కావాలో, ఏ దోషాలు ఉండకూడదో కూడా రాసినారు. అది విజయనగరం రాజుల కాలం. ఆ తర్వాత గోల్కొండలో, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ చేతుల మీదుగా హుస్సేన్ సాగర్ వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన కాటన్ దొర క్రైస్తవుడు. గోదావరి రైతులు ఈ రోజుకీ ఆయన విగ్రహానికి దండ వేస్తారు. కట్టినోడు ఏ దేవుణ్ణి మొక్కినాడని ఏ మడీ అడగలేదు.

ఇప్పుడు మీరు చెప్పబోయే అడ్డంకులు నాకు తెలుసు. ఒక్కోటి చూద్దాం.

"దేవుడి సొమ్ము చెరువుకు పెట్టొచ్చా?" పెట్టొచ్చు. సప్త సంతానాల్లో గుడి కట్టించడం ఒకటైతే చెరువు తవ్వించడం ఇంకొకటి. రెండిటికీ పుణ్యం చెప్పినారు. ఇస్లాంలో సదఖా జారియా అని ఉంది, మనిషి పోయినా ఆగని దానం. నీళ్ల ఏర్పాటు అందులో పెద్దది. బైబిల్లో ఏసు అలసిపోయి బావి దగ్గర కూర్చుని, యూదులు పొత్తు పెట్టుకోని సమరయ స్త్రీని నీళ్లడిగినాడు. మూడు గ్రంథాల్లోనూ నీళ్లున్నాయి. మన మూడు చందా పుస్తకాల్లోనే లేవు.

"అది గవర్నమెంటు పని కదా?" అవును, అడగాల్సిందే. కానీ ఈ ఏడు వాన గవర్నమెంటు బిల్లు పాసయ్యేదాకా ఆగుతుందా? 1997 నీటి సంఘాల చట్టం ఆయకట్టులో భూమి ఉన్న ప్రతి రైతుకూ ఓటు ఇచ్చింది, నీ దేవుడెవరని అడగలేదు. ఆ సంఘాన్ని మనం కాంట్రాక్టులకూ పార్టీలకూ వదిలేసినాం.

"వాళ్లు రారు లే." ఇది అసలు మాట. సాయిబులు రారని మనం, రెడ్లు రానియ్యరని వాళ్లు, పల్లె వాళ్లకు భూమి ఏడుంది అని ఇంకొకరు. ఈ మూడో మాట దగ్గర ఒక నిమిషం ఆగండి. చర్చికి పోయే మన పల్లె జనంలో చాలామందికి ఆయకట్టులో సెంటు భూమి లేదు. ఉన్నోళ్లకు అది కాలువ చివర్లో ఉంటుంది, నీళ్లు అందేసరికి కంకి ఎండిపోతుంది. పాత కాలంలో కుడిమరామత్తు అని ఊరి జనం చెరువు పని చేయాలని ఉండేది, 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి దాని మీద చట్టమే చేసినారు. ఆ బరువు ఎక్కువగా ఎవరి వీపు మీద పడిందో అందరికీ తెలుసు. ఇప్పుడు మళ్లీ "శ్రమదానం" అని వాళ్లనే పిలిచి, నీళ్లు మాత్రం పై మళ్లకు పెట్టుకుంటే ఎవరొస్తారు? నేనైతే రాను. కలిసి పని చేయడమంటే ఫలం కూడా కలిసి పంచుకోవడమే.

ఇంకొక సంగతి. "ఫలానా మతం వాళ్ల దగ్గర కొనొద్దు, అమ్మొద్దు" అని మెసేజ్‌లు తిరుగుతున్నాయి. పంపేటోడికి పొలం లేదు కాబట్టి సరిపోయింది. మన గొర్రెలు కొనేదెవరు? మామిడి తోట గుత్తకు పట్టేదెవరు? కోతల కాలంలో ట్రాక్టర్ ఆగిపోతే రాత్రి పూట వచ్చి రిపేరు చేసేదెవరు? ఫార్వర్డ్ చేసే ముందు మీ సంత లెక్క చూసుకోండి.

సరే, ఏం చేయాలి? నా మాట ఇది.

ఊళ్లో ఏ గుడికి, మసీదుకు, చర్చికి చందా ఎత్తినా నూటికి పది రూపాయలు చెరువు ఖాతాకు పోవాలి. మూడు చోట్ల నుంచి ఒక్కో మనిషి సంతకం ఉంటేనే డబ్బు తీయాలి. ఖర్చు లెక్క మూడు గోడల మీదా అంటించాలి.

ఇరిగేషన్ ఏఈకి, పంచాయతీకి ముందే అర్జీ ఇచ్చి, వానలు రాకముందే వంకలో కంప కొట్టి, తూము బాగు చేసి, మరువ సరి చేయాలి. ఆయకట్టు ఉన్న ఇంటి నుంచి ఒక మనిషి ఒక రోజు ఊరికే రావాలి. ఆయకట్టు లేనోళ్లకు కూలి ఇవ్వాలి. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం పొద్దున పని పెట్టొద్దు. ఉపవాసాల నెల అయితే ఎండెక్కక ముందే ఆపేయాలి.

చెరువు నిండినాక మొదటి తడి చివరి మడికి. ఇది రాతలో ఉండాలి, నోటి మాట కాదు.

చెరువు నిండితే కింద బోర్లన్నీ ఊరతాయి. తాగే నీళ్ల బోరు, గొర్రెలకు నీళ్లు, భూమి లేనోడి ఇంటి కొళాయి, అన్నీ దాని మీదే. ఎండితే మూడు వీధుల్లోనూ బిందెలు ఒకే లైనులో పెట్టాల్సి వస్తుంది.

వచ్చే పండగ చందా మీటింగులో లేచి ఒక్కటే అడగండి: "ఇందులో చెరువుకెంత?" నవ్వేవాళ్లు నవ్వుతారు. మళ్లీ అడగండి. మసీదులో మీ స్నేహితుడు అడగాలి, చర్చిలో మీ తోటి రైతు అడగాలి. ఒకే వారంలో మూడు చోట్లా అదే ప్రశ్న వస్తే పెద్దమనుషులు తప్పించుకోలేరు.