నీటిలో నిలిచి వాడే పత్తి: సిఫారసుతో పాటు కారణమూ చేరాలి

నల్లరేగడి భూములలో పత్తి పండించే రైతుకు అప్పుడప్పుడు ఒక వింత ఎదురవుతుంది. వారాల తరబడి బెట్టకు ఓర్చి నిలిచిన పైరు, భారీ వర్షం కురిసి ఎండ కాసిన మరునాడే తల వాల్చుతుంది. నేల నిండా నీరున్నది, మొక్కకు మాత్రం అందడం లేదు. దీనినే పారావిల్ట్ లేదా ఆకస్మిక వడలు అంటున్నాము. నివారణకు సిఫారసు మన వద్ద ఉన్నది. అయితే దాని వెనుకనున్న కారణం క్షేత్రానికి చేరడం లేదని, అందువల్లనే ఆ సిఫారసు సకాలంలో, సక్రమంగా అమలు కావడం లేదని నా అభిప్రాయం.

వేరును మనం నేటికీ నీటిని పీల్చే గొట్టంగానే బోధిస్తున్నాము. వాస్తవానికి అది తలుపులున్న కట్టడం. మూలకేశాల నుండి వల్కలం గుండా వచ్చిన నీటిని అంతశ్చర్మం వద్ద కాస్పేరియన్ పట్టీ అడ్డగిస్తుంది. అక్కడ కణత్వచాన్ని దాటనిదే నీరు దారువును చేరలేదు. ఆ త్వచంలో నీటికి దారి ఇచ్చే ప్రోటీన్లే ఆక్వాపోరిన్లు. ఎర్ర రక్తకణాలలోని అటువంటి ప్రోటీన్ నీటి మార్గమని పీటర్ ఆగ్రే బృందం 1992లో నిరూపించింది. మరుసటి సంవత్సరమే మొక్కలలోనూ అవి వెల్లడయ్యాయి.

ఈ తలుపుల నిర్వహణలో హార్మోన్లకు ముఖ్య పాత్ర ఉన్నది. 1963లో లేత పత్తి కాయల నుండే వేరుచేయబడిన అబ్సిసిక్ ఆమ్లం బెట్ట సమయంలో పత్రరంధ్రాలను మూసి నీటి వ్యయాన్ని తగ్గిస్తుంది. అదే ఆమ్లం వేరులో నీటి ప్రసరణను పెంచినట్లు అనేక ప్రయోగాలలో కనబడింది. అంతశ్చర్మంపై సూబరిన్ పొరను అబ్సిసిక్ ఆమ్లం పెంచగా ఇథిలీన్ తగ్గిస్తుంది. తేమ తగిలిన వైపునే పక్కవేర్లు పుట్టడంలో ఆక్సిన్‌కు ప్రమేయం ఉన్నది.

ముంపులో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. నేలలోని గాలి స్థానాన్ని నీరు ఆక్రమించగా, ఆక్సిజన్ అందని వేరులో శ్వాసక్రియ కుంటుపడి కణద్రవ్యం ఆమ్లపూరితమవుతుంది. ఆ ఆమ్లతకు ఆక్వాపోరిన్లు మూసుకొంటాయి. అదే సమయంలో ఇథిలీన్‌కు పూర్వపదార్థమైన ఎ.సి.సి. వేరులో పోగుపడుతుంది. దానిని ఇథిలీన్‌గా మార్చే ఎంజైమ్‌కు ఆక్సిజన్ అవసరం. కనుక ఎ.సి.సి. దారువు ద్వారా పైకి చేరి, గాలి సోకే ఆకులలో ఇథిలీన్‌గా మారుతుంది. ఆకులు వాలడం, పండుబారడం, గూడ రాలడం దాని పర్యవసానాలు. వరి వేరులో గాలిగదుల ఏర్పాటుకు తోడ్పడేది కూడా ఇథిలీనే. పత్తికి ఆ సామర్థ్యం స్వల్పం.

ఇప్పుడు సిఫారసును చూద్దాం. వాడు లక్షణాలు కనబడిన 24 నుండి 48 గంటలలోపు కోబాల్ట్ క్లోరైడ్‌ను 10 పి.పి.ఎం. మోతాదులో, అనగా లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల చొప్పున, పిచికారి చేయాలని చెబుతున్నాము. కోబాల్ట్ అయాన్లు పైన చెప్పిన ఎంజైమ్‌నే నిరోధిస్తాయి. ఇది తెలిసినవారికి గడువు ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు: ఇథిలీన్ తయారీని ఆపవచ్చును గాని, అది చేసిన నష్టాన్ని వెనక్కు తీయలేము. మరొక సంగతీ బోధపడుతుంది. ఈ మందు వేరులో మూసుకొన్న తలుపును తెరవదు. దానిని తెరిచేది మురుగు నీరు తొలగిన తరువాత నేలలోకి వచ్చే గాలి మాత్రమే. కాబట్టి నీటిని తీయడం మొదటి పని, పిచికారి రెండవది. కరపత్రంలో ఈ రెంటినీ ఒకే వరుసలో అచ్చువేస్తే, రైతు దుకాణంలో దొరికేదానినే ముందుగా ఎన్నుకోవడం సహజం.

రైతుకు హార్మోన్ల పేర్లెందుకని కొందరు అనవచ్చును. పేర్లు అక్కరలేదు, నిజమే. "వేరుకు ఊపిరాడక నీటి దారి మూసుకొన్నది, ముందు గాలి ఆడనివ్వండి" అన్న ఒక్క మాట చాలును. ఆ మాట చెప్పగల స్పష్టత మాత్రం విస్తరణ శాస్త్రవేత్తకు ఉండాలి. కాండాన్ని చీల్చి చూపడమూ అంతే అవసరం: ఫ్యుజేరియం ఎండు తెగులులో దారువు గోధుమ రంగుకు మారుతుంది, పారావిల్ట్‌లో మారదు. ఈ తేడా తెలియకనే శిలీంధ్రం లేనిచోట శిలీంధ్రనాశినిపై ఖర్చు, అంతకన్నా విలువైన సమయం వ్యర్థమవుతున్నాయి.

అందుచేత రెండు సూచనలు. కరపత్రాలలో చర్యలను ప్రాధాన్య క్రమంలో, ప్రతి చర్య పక్కన ఒక వాక్యంలో కారణంతో ముద్రించాలి. విద్యార్థుల ప్రయోగశాలలో రెండు కుండీలు చాలును: ఒకదానిలో నీరు నిలిపి, రెండింటిలోనూ మొక్కల కాండాన్ని కోసి, మొదళ్ళకు గొట్టం తొడిగి, స్రవించే ద్రవాన్ని కొలిచి పోల్చమనాలి. నీరు నిలిచిన కుండీలోని కొలతను స్వయంగా నమోదు చేసిన విద్యార్థి, రేపు రైతు పొలానికి వెళ్ళినప్పుడు మందు పేరు కన్నా ముందు కాలువ మాట ఎత్తుతాడు.