ఫ్రేములో కనిపించని ఐదో మనిషి



గత నెల మా ఏడో తరగతి పిల్లల సైన్స్ ప్రాజెక్ట్ వీడియో చూసి ఒక అమ్మగారు ఫోన్ చేశారు. "మేడమ్, మా పాప ఎక్కడా కనపడలేదేంటి? తనకి ఏ పనీ ఇవ్వలేదా?" అన్నారు. ఆ వీడియో తీసింది ఆ పాపే. అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

గండిపేటలో ఇండోర్ స్కైడైవింగ్ వచ్చాక మన పిల్లలు ఆ ఆట గురించి తెగ మాట్లాడుతున్నారు. దానికి ధైర్యం ఉంటే చాలని మనం అనుకుంటాం. పోటీల సంగతి వేరు. యాక్యురసీ ల్యాండింగ్‌లో పారాచూట్‌తో దిగుతూ 2 సెంటీమీటర్ల బిళ్ల మీద పాదం ఆనించాలి. దానికి కావలసింది గురి, నిదానం.

ఫోర్-వే ఫార్మేషన్‌లో నలుగురు సుమారు 10,500 అడుగుల ఎత్తు నుంచి దూకుతారు. గాల్లో ఒకరినొకరు పట్టుకుంటూ, వదులుతూ, ముందే ఇచ్చిన ఆకారాలను వరుసగా కట్టాలి. లెక్కకొచ్చే సమయం 35 సెకన్లే. ఒక్కరు తొందరపడినా పాయింట్ నలుగురికీ పోతుంది. అందుకే విమానం ఎక్కకముందే, చక్రాల పలకల మీద బోర్లా పడుకుని, ప్రతి కదలికనూ నేల మీదే పదే పదే సాధన చేస్తారు.

ఆ జట్టులో ఐదో మనిషి కూడా ఉంటారు. హెల్మెట్‌కి కెమెరా కట్టుకుని మిగతావారితో పాటే దూకుతారు. జడ్జీలు ఆ వీడియో చూసే పాయింట్లు వేస్తారు. ఒక పట్టు వీడియోలో కనపడకపోతే, అది పట్టినా పట్టనట్టే. తాను ఒక్క ఫ్రేములోనూ ఉండరు, పతకం మాత్రం అందరితో సమానంగా అందుకుంటారు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏ గోడ చూసినా ర్యాంకుల ఫొటోలే. మన స్కూలు బ్యానరూ అందుకు భిన్నం కాదు. ర్యాంకులు వద్దని నేను అనను. కానీ రేపు ఉద్యోగంలో మన పిల్లలు పనిచేయాల్సింది పదిమందితో కలిసి. పక్కవాడి కోసం ఒక్క క్షణం ఆగడం, కనిపించని పనిని కూడా శ్రద్ధగా చేయడం ఇప్పుడే అలవాటు కావాలి.

ఈసారి పీటీఎంకి వచ్చినప్పుడు మార్కులతో పాటు, "మా పిల్లలు నలుగురితో కలిసి ఎలా పనిచేస్తున్నారు?" అని కూడా అడగండి. జవాబు సిద్ధంగా ఉంచుకుంటాను.

అన్నట్టు, వీడియో తీసిన ఆ పాపకీ మిగతా నలుగురితో సమానంగానే మార్కులు వేశాను.