తాగనివాడికి లివరు చెడుతుందా?

"లోపల్లోపల తాగేవాడేమోలే! లేకపోతే లివరు ఎందుకు చెడుతుంది?"

మా మేనమామ పోయిన పదో రోజున పలకరించడానికి వచ్చిన ఒక పెద్దమనిషి మా వసారాలో కూర్చుని అన్న మాట ఇది. మామయ్య అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించుకుని బతికిన రైతు. ఏనాడూ చుక్క ముట్టిన మనిషి కాదు. లివర్ కాన్సరుతో యాభై రెండో ఏట పోయాడు. తలుపు చాటున ఉన్న అత్తయ్య ఆ మాట విన్నది. ఈనాటికీ తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

బయోకెమిస్ట్రీ చదువుతున్న నాకు ఆ రోజు నోరు పెగల్లేదు. అప్పుడు చెప్పలేకపోయిన సమాధానం ఈ సావనీరులో చెప్పుకుంటున్నాను.

తాగుడు లివరును చెడగొడుతుంది, అందులో సందేహం లేదు. అయితే అదొక్కటే కారణమనుకోవడం మన తొందరపాటు. బీస్లీ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు తైవానులో 22,707 మంది మగవారిని ఏళ్ళ తరబడి గమనించి 1981లో ఫలితాలు ప్రకటించారు. లివర్ కాన్సరుతో పోయినవారు 41 మంది. వారిలో 40 మంది రక్తంలో హెపటైటిస్-బి వైరస్ ఆనవాలు ముందునుంచే ఉన్నది! కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. సరిగా మరిగించని సూది, ఒకరు వాడిన బ్లేడు చాలు. ఒంట్లో ముప్పై నలభై ఏళ్ళు చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. తన డి.ఎన్.ఏ. ముక్కలను లివరు కణాల క్రోమోజోముల్లోకి దూరుస్తుంది.

రెండో ముద్దాయి మన కల్లంలోనే ఉన్నాడు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఆరా తీస్తే, వాటికి మేతగా వేసిన వేరుశనగ చెక్కలో ఒక బూజు విషం బయటపడింది. అదే అఫ్లటాక్సిన్.

ఈ విషం మనిషి కణంలో ఏం చేస్తుంది? 1991 ఏప్రిల్‌లో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి చైనా రోగుల మీద, మరొకటి ఆఫ్రికా దక్షిణ భాగపు రోగుల మీద. ఈ రెండో పరిశోధనలో ముఖ్యుడు మెహ్మెత్ ఓజ్‌తుర్క్ అనే టర్కీ శాస్త్రజ్ఞుడు. అప్పుడు అమెరికాలో పనిచేస్తుండేవాడు. తరువాత స్వదేశం వెళ్ళి అంకారాలోని బిల్కెంట్ యూనివర్సిటీలో పరిశోధన సాగించాడు. మన కణాల్లో కాపలాదారు వంటి పి-53 అనే జన్యువు ఉంది. అందులో 249వ కోడాన్ దగ్గర 'జి' అక్షరం 'టి'గా మారి ఉండటం రెండు బృందాలకూ కనిపించింది. చైనాలో చూసిన 16 మందిలో 8 మందికి అదే చోట మార్పు! తిండిలో అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలవి. దొంగ వదిలిపోయిన వేలిముద్ర అన్నమాట.

"ఒక్క అక్షరం మారితే మనకేం ఒరిగింది?" అని మా క్లాసులోనే ఒక మిత్రుడు అన్నాడు. ఒరిగిందయ్యా! నేరం మనిషి నడవడికది కాదు, తిండిదీ వైరస్‌దీ అని ఆ అక్షరమే సాక్ష్యం చెప్పింది. మామయ్య జన్యువును ఎవరూ చదవలేదు. కాని ఆఖరు నెలలో చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్-బి ఉన్నట్టు తేలింది. ఇక తిండి సంగతి అంటారా, మంచి కాయ మార్కెట్ యార్డుకు, తాలూ బూజూ ఇంటికి — మన రైతు ఇంట్లో ఇది కొత్తా?

ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పారు. మా బావ ఏడాది పాటు కదలలేదు. "తాగుబోతు కొడుకు అని ఇప్పటికే అంటున్నారు, నేనూ లివరు పరీక్షకి పోతే ఇంకేమంటారు?" అన్నాడు. చివరకు అత్తయ్య బతిమాలితే వెళ్ళాడు. అతనికీ ఉంది! ఇప్పుడు మందులు వాడుతూ ఆరు నెలలకొకసారి స్కానింగు చేయించుకుంటున్నాడు. వైరస్ లేనివాళ్ళందరికీ టీకా వేయించాం. ఆ పోయిన ఏడాదికి బాధ్యులెవరు? వైరసా, మన నోరా?

తైవాను 1984లోనే పుట్టిన బిడ్డలకు టీకా మొదలుపెట్టింది. అక్కడి పిల్లల్లో లివర్ కాన్సరు తగ్గింది. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే ఈ టీకాను తయారుచేసి అందుబాటు ధరకు తెచ్చింది. శాస్త్రజ్ఞులు తమ పని చేశారు. మన పని మిగిలే ఉంది.

కనుక మిత్రులారా, ఇకమీదట లివరు జబ్బు మనిషిని చూసినప్పుడు "తాగేవాడా?" అని గుసగుసలాడటం మానుదాం. "ఇంట్లో వాళ్ళంతా పరీక్ష చేయించుకున్నారా?" అని అడుగుదాం.